బరువు ఎడమకాలి మీదికి

చిన్నకోడలు తలుపు దగ్గర చెప్పులు విప్పుతుంటే ఆమె ముందు చూసింది మనిషిని కాదు, నడుముని. ఒక చేత్తో గోడ పట్టుకుని, కుడి తుంటి మీద బరువు పడకుండా తప్పించుకుంటూ, ఎడమ పక్కకి ఒరిగి చెప్పు పట్టీ లాగుతోంది. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆస్పత్రి ఎక్స్‌రే గదిలో పనిచేసిన మనిషికి ముఖాల కంటే ముందు ఎముకలే కనబడతాయి. ఈవిడ రెండుసార్లు పడింది, రెండోది ఈమధ్యే, అనుకుంది. అలా అనుకున్నాక అప్పుడు ముఖం చూసింది. తన తోడికోడలు. జుట్టు మొత్తం తెల్లబడింది, రంగు వేసుకోవడం మానేసినట్టుంది, మంచి పనే, ఆ నల్లరంగు ఏనాడూ నప్పలేదు అని కూడా అనుకుంది, బస్సులో ఎదురు సీట్లో కూర్చున్న ఎవరినో చూసినంత నింపాదిగా. మాటలు లేక పదకొండేళ్ళు. మధ్యలో ఒక్కసారి, రెండేళ్ళ కిందట తన భర్త పోయిన రోజున, చిన్నకోడలు గుమ్మం దాకా వచ్చి, లోపలికి ఒక చూపు చూసి, వచ్చిన దారినే వెళ్ళిపోయింది. మరిది మాత్రం అన్నీ అయ్యేదాకా ఉన్నాడు. వదినా, మీరు ఒక ముద్ద తినండి అని వెంటపడ్డాడు.

"కొత్తవాళ్ళు వచ్చారు, కాస్త కాస్త జరగండి," అంది టీచరమ్మ. టీచరమ్మకి ముప్ఫై కూడా నిండలేదు, పొద్దున్నే పక్క కొలనులో పిల్లలకి ఈత నేర్పి, తడి జుట్టుతోనే ఇటొచ్చి వీళ్ళకి నిదానంగా చేసే చైనా యుద్ధవిద్య, తాయ్‌చీ నేర్పుతుంది, అందుకని ఆ హాలంతా ఎప్పుడూ క్లోరిన్ వాసన. చెక్క నేల మీద బ్యాడ్మింటన్ కోర్టు గీతలు. గోడవారన మడిచిపెట్టిన పింగ్‌పాంగ్ బల్లలు. నిలబడలేని వాళ్ళకి ఆరు ప్లాస్టిక్ కుర్చీలు, వాటి కోసం ఎవరూ పోటీపడరు, కూర్చుంటే ముసలితనం ఒప్పుకున్నట్టు. చిన్నకోడలు కుర్చీ వంక చూసి, వద్దనుకుని, ముందు వరసలో ఎడమ చివర నిలబడింది. తను రెండో వరసలో కుడి చివర. మధ్యలో రిటైరైన రైలు గార్డు విశాలమైన వీపు. చూసిందా? చూసే ఉంటుంది. చూసినా చూడనట్టు ఉండటంలో ఆ ఇంట్లో అందరికీ మంచి తర్ఫీదు ఉంది.

మోకాళ్ళు కొంచెం వంచండి, భుజాలు వదిలెయ్యండి, బరువు ఎడమకాలి మీదికి, నిదానంగా, కుడికాలు ఖాళీ అయ్యాకే లేపండి. ఏడు నెలలుగా వింటున్న మాటలు. ఏడు నెలల కిందట మెట్లు దిగుతూ, ఉన్న మెట్టు లేదనుకుందో, లేని మెట్టు ఉందనుకుందో, పక్కింటాయన చెయ్యి అడ్డం పెట్టకపోతే కింది దాకా దొర్లేది. పడకముందే నేర్చుకోండి, పడ్డాక నేర్చుకోవడానికి ఏమీ ఉండదు, అని చీటీ రాశాడు డాక్టరు. కూతురు ఫోన్లో పకపకా నవ్వింది: ఈ వయసులో కొట్టడం నేర్చుకుంటున్నావా అమ్మా! కొట్టడం కాదే, పడకుండా ఉండటం, అంది తను. అంతవరకూ బాగానే ఉంది. మంగళవారం, గురువారం, పదింటి నుంచి పదకొండింటి దాకా. ఈ ఏడు నెలల్లో ఆమెకి అక్కడ నచ్చింది ఏమిటంటే, ఎవరూ ఎవరినీ ఏమీ అడగరు. గాలిలో చేతులు తిప్పుతారు, ఇళ్ళకి పోతారు. తనని ఎక్స్‌రే అమ్మ అంటారు, ఎవరికి ఎక్కడ నొప్పి వచ్చినా వచ్చి చూపిస్తారు, చూపుతోనే చెప్పేస్తుందని వాళ్ళ నమ్మకం.

చేతులు మేఘాల్లా కదలాలి అంటుంది టీచరమ్మ, ఒక చెయ్యి పైన, ఒక చెయ్యి కింద, నడుముతో తిరగాలి. తిరిగినప్పుడల్లా చిన్నకోడలి పక్క ముఖం కనబడుతోంది, తిరిగి వెళ్ళినప్పుడు మాయమవుతోంది. లెక్క అప్పుడు తట్టింది ఆమెకి. క్లాసులో చివరి పావుగంట జంటలుగా చెయ్యాలి. ఎదురెదురుగా నిలబడి, మణికట్టుకి మణికట్టు ఆనించి, ఒకరు తోస్తే ఇంకొకరు మెత్తగా వెనక్కి తగ్గాలి, తగ్గి మళ్ళీ ముందుకి రావాలి, ఎవరూ తూలకూడదు. ఇన్నాళ్ళూ వీళ్ళు పదిహేనుమంది. జంట లేకుండా మిగిలేది తనే, తనకి జంట టీచరమ్మే. ఇవాళ పదహారు. గోడ గడియారం పది ఇరవై చూపిస్తోంది. ఇంకా ఇరవై అయిదు నిమిషాలు. ఒంట్లో బాగాలేదని ఇప్పుడే వెళ్ళిపోవచ్చు. నీళ్ళు తాగుతానని వెళ్ళి తిరిగి రాకపోవచ్చు. కుడికాలు ఖాళీ అయ్యింది, లేచింది, పక్కకి పడింది. వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదో తర్వాత కూడా ఆమెకి తేలలేదు, కాళ్ళు ఆ వరసలో కదలడానికి అలవాటు పడిపోయాయి కాబోలు.

ఊపిరి పీల్చండి. వదలండి. ఇక్కడ బిగబట్టమనరు, అదొక్కటే తేడా. ఎక్స్‌రే గదిలో తను రోజుకి అరవై సార్లు, డెబ్భై సార్లు అనేది: గాలి పీల్చండి, బిగబట్టండి, కదలకండి, ఆ, వదలండి. గొంతులో ఏమీ లేకుండా అనాలి. జాలిపడితే రోగి వణుకుతాడు, వణికితే ఫిల్ము చెడుతుంది, మళ్ళీ తియ్యాలి. చేతులు కూడా అంతే, భుజాన్ని ఇటు తిప్పడానికి, గడ్డాన్ని అటు జరపడానికి తప్ప మనిషిని ముట్టుకోకూడదు. కొన్నాళ్ళకి అదే మనిషి తీరు అయిపోతుంది. నువ్వు ఓదార్చినా మంచం సర్దుతున్నట్టే ఉంటుంది, అన్నాడు భర్త ఒకసారి, తప్పుపట్టినట్టు కాదు, ఉన్నమాట చెప్పినట్టు. పదకొండేళ్ళ కిందట ఒక రోజు పన్నెండింటికి స్ట్రెచర్ మీద తెచ్చిన పెద్దావిడకి కూడా అదే గొంతుతో అంది, కదలకండి అని. తర్వాత ఒక మాట చేర్చింది. కదలకండి అత్తయ్యా.

అత్తగారు చాలా చిన్న మనిషి. తొంభైకి దగ్గరపడి ఇంకా చిన్నదైపోయింది, స్నానానికి స్టూలు మీద కూర్చోబెడితే కాళ్ళు నేలకి అందీ అందనట్టు ఉండేవి. ఒకే ఇల్లు, పై వాటా తమది, కింది వాటా చిన్నకోడలిది, అత్తగారు కింద. పొద్దున ఏడింటికి తను దిగివెళ్ళి స్నానం చేయించి డ్యూటీకి వెళ్ళేది, మిగతా రోజంతా చిన్నకోడలిది. ఎవరి వంతు ఎక్కువ అన్న మాట ఆ ఇంట్లో ఎప్పుడూ రాలేదు, అది మాత్రం నిజం. ఇద్దరికీ పడేది కూడా. మరిది సంగీతం నేర్చుకుంటానని హార్మోనియం కొన్న కొత్తలో, ఆయన కింద మొదలుపెట్టగానే చిన్నకోడలు పైకి పరిగెత్తుకొచ్చి తలుపు వేసుకుని, అక్కా నన్ను దాచు అని తన మంచం మీద పడి నవ్వేది. అత్తగారు కూడా పైకి రాగలిగితే వచ్చేదే. బరువు కుడికాలి మీదికి. ఇప్పుడు రెండు చేతులూ బంతి పట్టుకున్నట్టు. బంతి లేదు, కానీ ఉన్నట్టు, అంటుంది టీచరమ్మ. "ఉన్న మోకాలే లేనట్టుంది, లేని బంతి ఎక్కడ పట్టుకునేదమ్మా," అన్నాడు గార్డు. హాలంతా నవ్వింది. ముందు వరస ఎడమ చివరి నుంచి కూడా ఒక నవ్వు వినబడింది. అదే నవ్వు. అది మాత్రం ముసలిది కాలేదు.

రబ్బరు మ్యాట్. స్నానాలగదిలో కాళ్ళు జారకుండా పరిచే ఆకుపచ్చ మ్యాట్. ఆ పొద్దున దాని అడుగున జిగురు పట్టి ఉంది, కాలితో తాకితేనే వెగటుగా ఉంది, అత్తగారిని తుడిచి గదిలో కూర్చోబెట్టాక తను దాన్ని బ్రష్షుతో రుద్ది, డాబా మీదికి తీసుకెళ్ళి పిట్టగోడ మీద ఆరేసింది. దిగి వస్తుంటే వంటగదిలో చిన్నకోడలు వీపు ఇటు పెట్టి నిలబడి ఉంది, మిక్సీ తిరుగుతోంది. మ్యాట్ డాబా మీద ఉంది, అని తను చెప్పింది. మిక్సీ మోతలో వినబడలేదు. ఇన్నేళ్ళుగా ఆమె దగ్గర ఉన్నది ఇదీ. చెప్పింది, వినబడలేదు. ఇందులో తప్పు మిక్సీది. దీన్ని ఆమె ఎన్నిసార్లు తిప్పి తిప్పి చూసుకుందో, ఫిల్ముని వెలుతురుకి పట్టి చూసినట్టు, ఎక్కడా గీత కనబడేది కాదు. చెప్పినప్పుడు తన చెయ్యి తలుపు మీద ఉండటం కూడా గుర్తుంది. కొన్నిసార్లు ఎడమచెయ్యి, కొన్నిసార్లు కుడిచెయ్యి.

పది ముప్పావుకి అత్తగారు మళ్ళీ బాత్రూముకి వెళ్తానంటే చిన్నకోడలు తీసుకెళ్ళింది, గడప దాటించి, ఒక్క క్షణం తువ్వాలు అందుకోవడానికి చెయ్యి వదిలింది. ఆ క్షణం చాలు. పెద్దావిడ జారిపడింది, తుంటి దగ్గర తొడ ఎముక మెడ విరిగింది. ఫిల్ము తడి తడిగా ఉండగానే లైటు పెట్టె మీద పెట్టి తను చూసింది, డాక్టరు చూడకముందే, చాలా శుభ్రంగా విరిగింది అనుకుంది, పుస్తకంలో వేసుకోవచ్చు అన్నంత. ఆ తర్వాత మ్యాట్ గుర్తొచ్చింది. ఆస్పత్రిలో చేర్చుకుంటున్నారు, బట్టలు కావాలి అంటే నేను తెస్తాను అని తనే బయల్దేరింది. ఇంట్లో ఎవరూ లేరు. బట్టలు సర్దింది, రెండు చీరలు, రెండు జాకెట్లు, దువ్వెన, కళ్ళజోడు. తర్వాత డాబా ఎక్కింది. మ్యాట్ ఎండకి కరకరలాడుతోంది. తెచ్చి ఎప్పుడూ ఉండేచోటే పరిచి, ఒక చెంబు నీళ్ళు పోసింది. నీళ్ళు పొయ్యడం దగ్గర ఆమె ఎప్పుడూ ఆగిపోతుంది. పరవడం అలవాటుగా చేసింది అనుకోవచ్చు, సర్దే చెయ్యి ఊరుకోలేక. నీళ్ళు ఎవరూ అలవాటుగా పొయ్యరు.

సాయంత్రం ఆస్పత్రి వరండాలో చిన్నకోడలు ఏడుస్తూ చెప్పింది, మ్యాట్ లేదండీ అక్కడ, నేల నున్నగా ఉంది, మ్యాట్ లేదు. మరిది ఇంటికి వెళ్ళి చూసి వచ్చాడు. తడి మ్యాట్, ఉండాల్సిన చోటే. ఆయన ఏమీ అరవలేదు. అరిచే మనిషి కాదు. తన వంక తిరిగి, వదినా మీరు పొద్దున చూశారు కదా, అని అడిగాడు. తను అంది: మ్యాట్ ఉండగా ఎలా జారిందో. అంతే. చెరువులో రాయి వేసినట్టు కూడా కాదు, టేబుల్ మీద గ్లాసు పెట్టినంత మామూలుగా అంది. చిన్నకోడలు ఏడుపు ఆపి తన ముఖంలోకి చూసింది, కోపంగా కాదు, దారి తెలియనివాళ్ళు ఎదురొచ్చినవాళ్ళని చూసినట్టు. ఇరవై రెండు రోజులకి అత్తగారు పోయింది. ఆ నెలలోనే వాళ్ళు కింది వాటా ఖాళీ చేశారు. మళ్ళీ ఆ మెట్ల మీద ఎవరూ పరిగెత్తుకు రాలేదు.

"ఇప్పుడు జంటలు," అంది టీచరమ్మ చప్పట్లు కొట్టి. "ఎక్స్‌రే అమ్మా, ఇవాళ మీకు నా బాధ తప్పింది. కొత్తవారిని మీకు అప్పగిస్తున్నాను, మీకన్నా బాగా నేర్పేవాళ్ళు ఎవరూ లేరు." ఆమె గార్డుని దాటి ముందుకి నడిచింది. చిన్నకోడలు అప్పటికే ఇటు తిరిగి నిలబడి ఉంది. ఎవరో అందించిన వస్తువు తీసుకున్నట్టు ఒకరి మణికట్టు ఒకరు ఆనించుకున్నారు. చిన్నకోడలిది చల్లగా ఉంది. విరిగి కాస్త వంకరగా అతుక్కుంది, మూడు నెలలు అయి ఉంటుంది, కట్టు తొందరగా విప్పేశారు, అనుకుంది ఆమె. తల వంచి ఆ మణికట్టునే చూస్తోంది.

"బాగున్నావా అక్కా?" అంది చిన్నకోడలు.

"బాగానే ఉన్నాను. ముందు నువ్వు తొయ్యి. మెల్లిగా. నడుముతో తొయ్యాలి, చేత్తో కాదు."

చిన్నకోడలు తోసింది. ఆమె వెనక్కి తగ్గింది. ఆమె తోసింది, చిన్నకోడలు తగ్గింది, తగ్గేటప్పుడు కుడి తుంటి దగ్గర తడబడి సర్దుకుంది. కుడి పక్క భయం వద్దు, బరువంతా ఎడమకాలి మీద ఉంచు, అంది తను, అదే గొంతుతో. చిన్నకోడలు తలూపింది. చుట్టూ ఏడు జంటలు నీళ్ళల్లో మొక్కల్లా ముందుకీ వెనక్కీ ఊగుతున్నాయి. ఎక్కడో కొలనులో ఈల మోగింది, పిల్లలు ఒక్కసారిగా దూకిన చప్పుడు.

"రెండుసార్లు పడ్డాను," అంది చిన్నకోడలు మామూలుగా, కబుర్లు చెప్పినట్టు. "మొదటిసారి చెయ్యి. రెండోసారి వంటింట్లో, ఊరికే నిలబడి నిలబడి. ఆయన లేవదీసి కుర్చీలో కూర్చోబెట్టి అన్నారు, మా అమ్మనే పడేసినదానివి, నువ్వు పడటంలో వింతేముంది అని." నవ్వింది. "జోకే లే అక్కా. ఆయనకి అదొక అలవాటు అయిపోయింది. పక్కనవాళ్ళ ముందు కూడా అంటారు. వాళ్ళూ నవ్వుతారు."

తన వంతు, తొయ్యాలి. తొయ్యలేదు. ఆ పొద్దున మిక్సీ తిరగడం లేదు. అది ఒక్కసారిగా, ఏ శ్రమా లేకుండా, ఫిల్ము మీద బొమ్మ తేలినట్టు తేలింది. వంటగది నిశ్శబ్దంగా ఉంది. చిన్నకోడలు కిటికీ దగ్గర కాఫీ తాగుతోంది, వెళ్ళొస్తావా అక్కా అని అడిగింది, వెళ్ళొస్తా అని తను అంది. బస్సుకి ఆలస్యమైంది. మ్యాట్ మాట మరిచిపోయింది. మరిచిపోవడం అంటే అంతే, అంత చిన్నది, ఏ మనిషైనా మరిచిపోవచ్చు. ఆ రోజు వరండాలో ఆ ఒక్క మాట చెప్పి ఉంటే, అయ్యో అనేవాళ్ళు, నాలుగు రోజులు ముభావంగా ఉండేవాళ్ళు. దాని మీద ఇన్నేళ్ళు ఒక మిక్సీని తిప్పుతూ కూర్చుంది తను.

"మ్యాట్ లేదు," అంది ఆమె. "ఆ రోజు అక్కడ మ్యాట్ లేదు. నేనే తీసి డాబా మీద ఆరేశాను. నీకు చెప్పలేదు. బట్టలకని వచ్చినప్పుడు నేనే మళ్ళీ తెచ్చి పరిచాను. తడిసినట్టు ఉండాలని నీళ్ళు కూడా పోశాను."

చిన్నకోడలి మణికట్టు తన మణికట్టు మీద అలాగే ఉంది. నాడి తెలుస్తోంది, ఎవరిదో తెలియడం లేదు. టీచరమ్మ పక్కనుంచి వెళ్తూ, "బాగుంది, ఇలాగే, ఎవరూ బిగుసుకోకండి," అంది. ఆమె ఎదురు చూసింది, దేనికోసమో, ఒక చెంపదెబ్బకో, ఒక కేకకో. ఏదైనా నిలబడి తీసుకునేటట్టే ఉన్నాయి కాళ్ళు, ఏడు నెలల సాధన.

"అయితే నా కళ్ళు బాగానే ఉన్నాయన్నమాట," అంది చిన్నకోడలు.

ఆమె తలెత్తి ఆ కళ్ళల్లోకి చూసింది.

"కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను అప్పట్లో. బాగున్నాయన్నాడు. తర్వాత నరాల డాక్టరు. లేనివి ఉన్నట్టు, ఉన్నవి లేనట్టు కనబడుతున్నాయా అని అడిగాడు. అవునని చెప్పాను, ఏం చెప్పను మరి? మాత్రలు ఇచ్చాడు. ఇప్పటికీ వేసుకుంటున్నాను అక్కా." ఊపిరి తీసుకుంది. "నువ్వే అయి ఉంటావని రెండు మూడుసార్లు అనిపించింది. అనిపించినప్పుడల్లా లెంపలేసుకున్నాను. అక్కని అలా అనుకుంటానా అని."

చేతులు దించండి, అంది టీచరమ్మ, కళ్ళు మూసుకోండి, ఊపిరి వదలండి. పదహారుమంది వదిలారు. పదకొండయింది. గార్డు తన టోపీ వెతుక్కుంటున్నాడు, ఎవరో కుర్చీలు ఒకదానిలో ఒకటి పెడుతున్నారు. చిన్నకోడలు ఒక కుర్చీ లాక్కుని తలుపు దగ్గర కూర్చుంది, చెప్పులు వేసుకోలేదు, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆమె ఎదుట నిలబడింది. క్షమించమని అడగాలి, ఆ మాట నోటిదాకా వచ్చింది, గాలి పీల్చండి బిగబట్టండి లాంటి మాటలా వినబడుతుందేమోనని ఆగింది.

"నన్నేమీ అడగకు," అంది చిన్నకోడలు, నోట్లో ఆగిన ఆ మాట చూసినట్టే. "నాకు చెప్పి ఏం లాభం? నా కళ్ళతో నేను చూసిందే కదా నువ్వు చెప్పింది. తెలియనిది ఆయనకి. బయట కార్లో ఉన్నారు, పేపరు చదువుకుంటూ. వెళ్ళి చెప్పు."

"నువ్వు కూడా రా."

"నేను రాను. ఇన్నాళ్ళూ నేనే చెప్పాను."

బయట ఎండ తెల్లగా ఉంది. కార్లు ఆపేచోట గోడ నీడలో నీలం రంగు కారు, కిటికీ సగం దించి ఉంది. ఆమె దగ్గరికి వెళ్ళేసరికి మరిది తలెత్తి, గుర్తుపట్టి, పేపరు పక్కన పడేసి, ముఖమంతా వెలిగించుకుని తలుపు తెరిచాడు. "వదినా! మీరిక్కడా? ఎన్నాళ్ళయింది, ఎండలో నిలబడ్డారేంటి, లోపల కూర్చోండి," అంటూ ఒక కాలు కింద పెట్టాడు. ఆ కుటుంబంలో తనని ఇంత ఆదరంగా పలకరించే మనిషి ఇక ఈయన ఒక్కడే మిగిలాడు. అది కూడా ఆమె గమనించింది.

"దిగకు," అంది. "కూర్చునే విను. మధ్యలో మాట్లాడకు."

నిలబడే చెప్పింది. మ్యాట్, డాబా, వరండాలో తనన్న మాట, చెంబు నీళ్ళు. క్రమం తప్పకుండా, ఏమీ చేర్చకుండా చెప్పింది, రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఆయన వింటూ స్టీరింగు వంక చూస్తున్నాడు. నీళ్ళ దగ్గరికి వచ్చేసరికి కళ్ళు మూసుకున్నాడు. అయిపోయాక ఆయన వదినా అని కూడా అనలేదు. రెండో కాలు కూడా కింద పెట్టి, తలుపు పట్టుకుని లేచి, ఆమెని తప్పించుకుని, ముందుకి పడబోతున్నవాడిలా వంగి హాలు వైపు నడిచాడు. ఎక్కువ బరువు కుడి మోకాలి మీద వేస్తున్నాడు, అది ఇంకో ఏడాది కంటే రాదు.

కారు తలుపు తీసే ఉంది, లోపల ఏదో కీచుకీచుమని మోగుతూనే ఉంది. ఆమె తలుపు వేసింది. మోత ఆగింది. అద్దాల తలుపు అవతల ఆయన చిన్నకోడలి కుర్చీ ముందు నిలబడటం కనబడింది, ఏదో అనబోయాడు, చిన్నకోడలు చెయ్యి ఎత్తి ఆపింది. ఆపి, తనే మొదలుపెట్టింది. మాటలు వినబడే దూరం కాదు. చెయ్యి ఒకసారి నేల వైపు, ఒకసారి తన కళ్ళ వైపు వెళ్తోంది. ఆయన తల దించుకుని నిలబడ్డాడు. కుర్చీలు సర్దుతున్న టీచరమ్మ వాళ్ళిద్దరి పక్కనుంచి నిశ్శబ్దంగా జారుకుంది.

ఆమె రోడ్డు దాటి బస్టాపులో నిలబడింది. మొదటి బస్సు నిండా జనం, ఎక్కలేదు. రెండోది పావుగంటకి వచ్చింది. ఎక్కి, కమ్మీ పట్టుకుని, కిటికీలోంచి వెనక్కి చూస్తే చిన్నకోడలు ఇంకా మాట్లాడుతూనే ఉంది.